కెమెరా కోసం వేసిన ముద్ర

మా ఇంట్లో సబ్బు మీద ముద్ర పడాలంటే ముందు మా అత్తయ్య నాలుక ఒప్పుకోవాలి. ఇది నేను పెట్టిన నియమం కాదు, ఆవిడే పెట్టింది. సబ్బంటే నూనె, కాస్టిక్ సోడా కలిపిన నీళ్లు, అంతే. ఆ రెండూ కొలత ప్రకారం కలిస్తే సబ్బు. సోడా కాస్త ఎక్కువైతే అది సబ్బు కాదు, ఒళ్లు కాల్చే మందు. చూడ్డానికి మాత్రం రెండూ ఒక్కలాగే ఉంటాయి. అందుకని అచ్చు వేసిన నాలుగో రోజున అత్తయ్య తడి వేలితో సబ్బును రుద్ది, ఆ వేలిని నాలుక కొసకు తాకిస్తుంది. ఏమీ అనిపించకపోతే తల ఊపుతుంది. అప్పుడు నేను ఆకు బొమ్మ ముద్ర నొక్కి, ఆరు వారాలు ఆరడానికి అరలో పెడతాను. చురుక్కుమంటే ఉమ్మేసి నా వంక చూస్తుంది. ఆ చూపు కన్నా సోడాయే నయం.

ఈ వ్యవహారమంతా మూడో అంతస్తులో, మా వెనక గదిలో నడుస్తుంది. ఒక కిటికీ, గోడ పొడవునా ఇనుప అరలు, ఒక తూకం మిషను, రెండు పెద్ద గిన్నెలు. పగలంతా నేనూ అత్తయ్యా చేస్తాం. సాయంత్రం మా ఆయన ఉద్యోగం నుంచి వచ్చి, చొక్కా మార్చుకుని, ప్యాకింగ్‌కి కూర్చుంటారు. సబ్బు మంచిదే. రెండేళ్లుగా మంచిదే. ఆ సంగతి మాకు తప్ప ఎవరికీ తెలియదు, అదే బాధ.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. మేం అడగని చోటు లేదు. కరపత్రాలు వేయించి చుట్టుపక్కల తలుపులన్నిటికీ అంటించాం. వాచ్‌మన్ పీకించి, ఆ మరకలు మాతోనే కడిగించాడు. మా సబ్బుతోనే కడిగాం, బాగా పోయాయి. ఎగ్జిబిషన్‌లో బల్ల అద్దెకు తీసుకుంటే, ఒకాయన మిఠాయి అనుకుని ముక్క కొరికాడు. పోనీలే, సోడా ఎక్కువ కాలేదని ఆయన ద్వారా కూడా రుజువైందని అత్తయ్య సంబరపడింది. ఫోన్‌లో పేజీ పెడితే నలభై ఒక్క మంది చేరారు. అందులో ముప్ఫై మంది మా చుట్టాలే, ఉచితంగా పంపుతామేమోనని.

అలాంటప్పుడు వీడియో అమ్మాయి వచ్చింది. ఇళ్లలో చిన్న చిన్న వస్తువులు చేసేవాళ్ల గురించి రెండు నిమిషాల వీడియోలు తీసి పెట్టడం ఆ పిల్ల పని. తన వీడియోలు లక్షల మంది చూస్తారు. నేను తనకు ఆరు నెలలుగా ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను. చివరికి ఒక రోజు మూడు కాళ్ల స్టాండు భుజాన వేసుకుని మా గుమ్మంలో నిలబడింది.

నూనెలో కాస్టిక్ నీళ్లు సన్నని ధారగా పోయడం తీసింది. అంతా అయ్యాక తెర మీద చూసుకుని పెదవి విరిచింది.

"అక్కా, ఇంకోసారి పోయండి. వెలుతురు సరిగ్గా పడలేదు."

"ఇంకోసారి పోస్తే కొలత తప్పుతుందమ్మా. సబ్బు పాడవుతుంది."

"అయితే ఇది వీడియో కోసమే అనుకోండి. తర్వాత పారేయండి. ఒక్క అచ్చేగా అక్కా!"

ఒక్క అచ్చే కదా అని నాకూ అనిపించింది. అదే గిన్నెలో నాలుగుసార్లు పోశాను. పారేసేదే కదా అని రంగు వేయలేదు, వాసనా వేయలేదు. తెల్లగా, మా పసిపిల్లల సబ్బు ఎలా ఉంటుందో అలాగే వచ్చింది. రెండో రోజు ఆ పిల్ల మళ్లీ వచ్చి, పది ముక్కలుగా కోయించి, ముద్ర నొక్కడం తీస్తానంది. అప్పటికి మెత్తగా ఉన్నది ఆ అచ్చు ఒక్కటే.

"నాలుక తాకించని దానికి ముద్రేంటే?" అంది అత్తయ్య.

"ఇది అమ్మేది కాదు కదా అత్తయ్యా. బొమ్మ కోసమే."

ఆవిడ మూతి ముడుచుకుంది కానీ, తర్వాత తన వంతు వచ్చేసరికి చీర సర్దుకుని కెమెరా ముందు కూర్చుంది. పాత సబ్బు ఒకటి తీసి నాలుకకు తాకించి, "నా నాలుక ఒప్పుకోని సబ్బు నీ బిడ్డ ఒంటికి పోదు" అంది. ఎవరూ నేర్పలేదు. వీడియో అమ్మాయి ఎగిరి గంతేసింది.

ఆ పిల్ల వెళ్లాక ఆ పది ముక్కలూ పారేయబోయాను. నేల తుడవడానికైనా పనికొస్తాయి, ఉంచమంది అత్తయ్య. సరేనని ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో 'ఒంటికి వాడకూడదు' అని రాశాను. ఫ్యాను గాలికి కాగితం నిలవడం లేదు. ఎగిరిపోకుండా దాన్ని ట్రేలో పరిచి, దాని మీదే సబ్బులు పేర్చి, కింది అరలోకి తోశాను. నా తెలివి అంత గొప్పది.

ఏడు వారాలకు వీడియో బయటికొచ్చింది. మొదటి రోజే మా ఫోన్ వేడెక్కిపోయింది. అందరికీ అత్తయ్య నాలుకే కావాలి, అందరికీ పసిపిల్లల సబ్బే కావాలి. రెండేళ్లలో అమ్మనన్ని రెండు రోజుల్లో అమ్మాం. మా ఆయన సెలవు పెట్టి మరీ ప్యాకింగ్‌కి కూర్చున్నారు. అరల్లోంచి తీయడం, ముద్ర ఉందా లేదా చూడడం, చుట్టడం. ముద్ర ఉంటే ఇక చూడాల్సింది లేదు. అది మా ఇంటి నియమమే కదా.

ఆరో రోజు ఉదయం అరలు తుడుస్తుంటే కింది ట్రే చేతికి తేలిగ్గా తగిలింది. బయటికి లాగాను. కాగితం ఉంది. 'ఒంటికి వాడకూడదు' అని నా రాత నా వంకే చూస్తోంది. దాని మీద ఒక మూలగా ఒకే ఒక్క తెల్ల సబ్బు ఉంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. సబ్బు తీసి తడి వేలితో రుద్ది నాలుకకు తాకించాను. చురుక్కుమంది. చురుక్కుమనడం కూడా కాదు, నిప్పు అంటుకున్నట్టు మండింది. కుళాయి కింద నోరు పెట్టాను. అత్తయ్య పరుగున వచ్చి, నా మొహం చూసి, నా చేతిలోని సబ్బు చూసి, కింద ట్రే చూసింది. గోడ పట్టుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయింది.

"వీడియో వచ్చిన రెండో రోజు పిల్లల సబ్బు తక్కువ పడితే కింది అరలోంచి తీశాను" అన్నారు మా ఆయన. "ముద్ర ఉంది కదా!"

"ఎన్ని?"

"తొమ్మిది. అవన్నీ ఒకే రోజు పంపాను. నిన్నటికి అందరికీ చేరిపోయుంటాయి."

తొమ్మిది ఇళ్లు. పసిపిల్లలున్న తొమ్మిది ఇళ్లు. పసివాళ్ల చర్మం ఎంత పలచగా ఉంటుందో నాకు తెలుసు, ఆ సబ్బు ఏం చేస్తుందో కూడా తెలుసు. కళ్లలో పడితే? ఆ ఆలోచన దగ్గర నా బుర్ర ఆగిపోయింది. దాన్ని దాటి ముందుకు వెళ్లలేదు.

"ఫోన్లు చేద్దాం, ఇప్పుడే" అన్నాను.

"చేద్దాం. కానీ ఏమని చెప్తావు?" మా ఆయన గొంతు తగ్గించారు. ఇంట్లో మేం ముగ్గురమే ఉన్నా గొంతు తగ్గించారు. "సోడా ఎక్కువైంది, ఒళ్లు కాలుతుందని చెప్తే ఆ వీడియో కిందే రాస్తారు. సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. మనకి కావాల్సింది వాళ్లు వాడకపోవడమే కదా? రంగు సరిగ్గా రాలేదని చెప్పు. పక్కన పెట్టమను. కొత్తది పంపుతామను."

ఆయన చెడ్డవారు కాదు. భయపడ్డారు. నాకు కోపం రావాల్సింది, రాలేదు. ఆ అబద్ధం వినగానే నా గుండె మీద బరువు కాస్త తగ్గింది. అది దాచి లాభం లేదు, తగ్గింది.

ఎనిమిది మందికి చేశాను. అందరూ ఎత్తారు. "రంగులో చిన్న తేడా వచ్చిందండి, పక్కన పెట్టేయండి, కొత్తది పంపుతాం" అని ఎనిమిదిసార్లు నవ్వు గొంతుతో చెప్పాను. ఆరుగురు ఇంకా విప్పనేలేదన్నారు. ఇద్దరు తల్లులు ఒకసారి చేతులు కడుక్కున్నామన్నారు, అంతే. పైగా అందరూ మెచ్చుకున్నారు. రంగు తేడాకే ఇంత ఇదైపోతున్నారే, ఎంత నిజాయితీ అన్నారు. నేను థాంక్స్ చెప్పాను.

తొమ్మిదో ఆవిడ ఫోన్ ఎత్తలేదు. పదకొండుసార్లు చేశాను. ఆర్డరు చీటీ తీసి చూస్తే కింద ఒక మాట రాసుంది. 'పాపకి మూడో నెల. ఒంటి మీద పొక్కులు. మీ అత్తగారి మాట విని ధైర్యంగా కొంటున్నాను.' అత్తయ్య ఆ చీటీ నా చేతిలోంచి తీసుకుని చదివి, నాకే తిరిగిచ్చి, "అడ్రసు ఈ ఊరే. నువ్వు ఇంకా ఇక్కడే ఉన్నావేంటి?" అంది.

బస్సు ఎక్కాను. ఊరికి అవతలి చివర. ప్రతి స్టాపులోనూ ఆగుతుంది, ప్రతి స్టాపులోనూ ఎవరో చిల్లర కోసం సంచి అంతా వెతుకుతారు. దిగి పరిగెత్తుదామా అనిపించింది. ఇంతలో ఫోన్ మోగితే ఆ తొమ్మిదో ఆవిడేమోనని గబుక్కున ఎత్తాను. వీడియో అమ్మాయి.

"అక్కా! మీ అదృష్టం పండింది. పేపరు వాళ్లు నన్ను అడిగారు మీ గురించి. రేపు పొద్దున ఫొటోలకి వస్తారు. అత్తగారిని మంచి చీర కట్టుకోమనండి!"

సరేనన్నాను. ఆ మాట నేనే అన్నానంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

కింది అంతస్తు ఇల్లు. వరండాలో తాడు మీద అరచేతంత చొక్కాలు ఆరేసి ఉన్నాయి. తలుపు తీసినామె నా కన్నా చాలా చిన్నది. జుట్టు రేగి ఉంది, కళ్ల కింద నిద్రలేని నల్లని చారలు. నన్ను ఒక్క క్షణం చూసి, మొహం విప్పార్చింది.

"మీరు... సబ్బు అక్క కదా! వీడియోలో చూశాను! అత్తయ్యా, ఎవరొచ్చారో చూడండి!"

చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది. పాప నిద్రపోతోందని ఫోన్ చప్పుడు ఆపేశానని, అందుకే వినపడలేదని చెప్పింది. గది మధ్య నేల మీద ప్లాస్టిక్ తొట్టి, అందులో గోరువెచ్చని నీళ్లు. పక్కన చిన్న పళ్లెంలో మా ఆకు ముద్ర ఉన్న సబ్బు. సగం అరిగిపోయింది.

"ఎప్పటి నుంచి వాడుతున్నావమ్మా?" అన్నాను.

"మొన్న మధ్యాహ్నం వచ్చింది. అప్పటి నుంచీ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. పొక్కులు తగ్గాలని కాస్త ఎక్కువే రుద్దుతున్నానక్కా. ఇప్పుడు కూడా అదే..." ఆమె పాపను ఎత్తుకుని మెడ దగ్గర బట్ట పక్కకు జరిపింది. "కానీ చూడండి, ఇంకా ఎర్రబడుతోంది."

మెడ మడతల్లో, చంకల్లో చర్మం పచ్చిగా, తడిగా మెరుస్తోంది. పాప ఏడవడం లేదు. ఏడ్చి ఏడ్చి అలసిపోయినట్టు సన్నగా మూలుగుతోంది.

లోపలి నుంచి వాళ్ల అత్తగారు వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. "సబ్బుదేం తప్పమ్మా, బంగారం లాంటి సబ్బు. దీని పాలే మంచివి కావు. కారం తినొద్దంటే వింటుందా? రెండు రోజులుగా పస్తు పెట్టాను, అయినా తగ్గలేదు."

పాప తల్లి తల దించుకుంది. కాదనలేదు. తనూ అదే నమ్ముతోంది.

నిజం చెప్తాను. అప్పుడు కూడా 'రంగు తేడా' అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. సబ్బు తీసుకుని వెళ్లిపోవచ్చు. పాప రెండు రోజుల్లో కోలుకుంటుంది, పాల వల్లే వచ్చిందనుకుంటారు, రేపు పేపరు వాళ్లు వస్తారు. ఆ పిల్ల పాపను తొట్టి వైపు వంచి, ఒక చేత్తో సబ్బు అందుకుంది.

"ఆ సబ్బు వదులు!" అని అరిచాను.

ఆమె ఉలిక్కిపడింది. సబ్బు నీళ్లలో పడింది.

"పాల వల్ల కాదమ్మా. నా సబ్బు వల్ల. అందులో కాస్టిక్ సోడా ఎక్కువైంది. అది పాప ఒళ్లు కాలుస్తోంది. తప్పు నీది కాదు, నాది. కుళాయి ఎక్కడుంది? ముందు మంచి నీళ్లతో కడుగుదాం. ఆ తొట్టిలో నీళ్లు వద్దు."

ఆ తల్లి పాపను గుండెకు హత్తుకుంది. "అయితే నా పాల వల్ల కాదా?" అంది. నన్ను కాదు, వాళ్ల అత్తగారిని చూస్తూ.

ముసలావిడ ముందుకు వచ్చి, పాపను అందుకుని, కుళాయి దగ్గరికి నడిచింది. చాలాసేపు కడిగాం. నీళ్లు తగిలినప్పుడల్లా పాప కేకపెట్టేది. ఆ తర్వాత నలుగురం వీధి చివర ఉన్న పిల్లల డాక్టరు దగ్గరికి పరుగెత్తాం.

పాప ఒంటికి ఏం పూశారని డాక్టరమ్మ అడిగితే నేనే చెప్పాను. ఎంత ఎక్కువైందో కూడా చెప్పాను, నాలుగు ధారలు. ఆవిడ నన్ను పైనుంచి కింది దాకా చూసి, పాప కళ్లలోకి లైటు వేసి చూసింది. కళ్లకు ఏమీ కాలేదంది. చర్మం పదిహేను రోజుల్లో మానుతుందంది. "ఇంకో రెండు రోజులు ఇలాగే రుద్ది ఉంటే మాత్రం నా చేతిలో ఉండేది కాదు" అంది.

బయట బెంచీ మీద కూర్చున్నాం. ముసలావిడ మందుల కోసం వెళ్లింది. పాప తల్లి నాకు కాస్త దూరంగా జరిగింది.

"మీ అత్తగారు నాలుకతో చూస్తారన్నారు కదా."

"అది వేరే సబ్బు."

"దీని మీద ముద్ర ఉంది కదా."

"వీడియో కోసం వేశానమ్మా."

ఆమె పాప వీపు నిమిరింది. తిడితే బాగుండుననిపించింది. కొట్టినా పడేదాన్ని.

"ఇంకెంతమందికి పంపారు?"

"ఎనిమిది మందికి. అందరికీ ఫోన్ చేశాను. పక్కన పెట్టమన్నాను."

"నాకు చెప్పినట్టే చెప్పారా?"

ఆమె నా వైపు తిరిగి, నా మొహం చూసి, బెంచీ మీదున్న నా ఫోన్‌ని నా ఒడిలోకి నెట్టింది. "చెయ్యండి" అంది.

జాబితాలో మొదటి నంబరు నొక్కాను. పొద్దున నన్ను అందరికన్నా ఎక్కువగా మెచ్చుకున్న అమ్మమ్మ ఆవిడ. నాలుగు రింగులకు ఎత్తింది. వెనకాల చెంబుతో నీళ్లు పోస్తున్న చప్పుడు.

"అమ్మా, నేను సబ్బు ఆవిడని. పొద్దున మీకు చెప్పింది అబద్ధం..."

"ఆఁ, నువ్వా తల్లీ! సరిగ్గా వినపడట్లేదు. నువ్వు పక్కన పెట్టమన్నావు కానీ, రంగుదేముందిలే, ఒంటికి రుద్దుకునే దానికి అందమెందుకు? నువ్వు నష్టపోవడమెందుకని మా మనవడికి ఇప్పుడే నెత్తి నుంచి పాదాల దాకా రుద్దాను. నురగ ఎంత బాగా వస్తోందో!"

"అమ్మా, కడిగేయండి! వెంటనే కడిగేయండి! కళ్లలో..."

"ఉండు ఉండు, వీడెందుకో గుక్క పెట్టాడు. చూసొస్తాను."

ఫోన్ ఎక్కడో గట్టు మీద పెట్టిన చప్పుడైంది. నేను బెంచీ మీంచి లేచి నిలబడి, నీళ్లు పోయండి, నీళ్లు పోయండి అని అరుస్తూనే ఉన్నాను. డాక్టరు గదిలోంచి జనం బయటికొచ్చి నన్ను చూస్తున్నారు. అవతలి నుంచి మాట లేదు. పసివాడి ఏడుపు ఒక్కటే, అంతకంతకూ పెద్దదవుతూ వినపడుతోంది.